బటన్ల ఫోన్ మళ్లీ వస్తే కొంటామా? స్టూడియో చర్చ పూర్తి పాఠం

(2026 జనవరిలో, లాస్ వేగాస్‌లో సీఈఎస్ అనే ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన వేళ, క్లిక్స్ అనే సంస్థ కమ్యూనికేటర్ అనే ఆండ్రాయిడ్ ఫోన్‌ను ప్రకటించింది. పైన నాలుగు అంగుళాల స్క్రీన్, కింద అక్షరాలు కొట్టే నిజమైన బటన్లు, ధర 499 డాలర్లు. అప్పటి నుంచి రెండు వర్గాలు కొట్టుకుంటున్నాయి. ‘ఇన్నాళ్లకు మంచి ఫోన్ వచ్చింది’ అనేవారు ఒకవైపు, ‘పాత చింతకాయ పచ్చడి’ అనేవారు ఇంకోవైపు. దాని మీద జరిగిన చర్చ ఇది. నలుగురికీ సమానంగా సమయం ఇస్తామని మొదట్లోనే అన్నారు. ఎవరి మాటలు ఎంత పొడుగున్నాయో పాఠకులే చూసుకోవచ్చు.)

యాంకర్: నమస్కారం. ఈ రోజు ప్రశ్న ఒక్కటే. బటన్ల ఫోన్ మళ్లీ వస్తే జనం తీసుకుంటారా? దాంతోపాటు నాకు ఇంకో సందేహం ఉంది. అలాంటి ఫోన్ చేతిలో పెడితే మన పిల్లలు రీల్స్ మానేస్తారా? సార్, మీతో మొదలుపెడదాం. మీరు ఐటీలో మేనేజర్‌గా చేసి రిటైరయ్యారు. బటన్ల కీబోర్డుకు పేరున్న బ్లాక్‌బెర్రీ ఫోన్లు చాలా ఏళ్లు వాడారు.

మాజీ మేనేజర్: తొమ్మిదేళ్లండీ. మూడు ఫోన్లు అరగదీశాను. ముందు కర్వ్, తర్వాత బోల్డ్, ఆఖరికి క్లాసిక్. బోల్డ్ కీబోర్డు చూశారా మీరు? వరసకీ వరసకీ మధ్య సన్నటి లోహపు పట్టీ. ఒక్కో బటన్ ఒక పక్కకి వాలుగా చెక్కినట్టు ఉండేది. ఎడమ బొటనవేలికి ఒక వాలు, కుడి దానికి ఇంకో వాలు. వేలు పెడితే చాలు, ఎక్కడుందో దానికే తెలిసేది. మీటింగులో బల్ల కింద ఫోన్ పెట్టుకుని, ఎదుటివాడి మొహం చూస్తూనే, అక్షరం తప్పు లేకుండా మెయిల్ కొట్టేవాణ్ని. ఇప్పుడు కొట్టమనండి ఎవరినైనా!

యాంకర్: అంటే చూడకుండా...

మాజీ మేనేజర్: చూడకుండా! గాజు మీద వేలు పెడితే ఏం తెలుస్తుందండీ? గాజు తెలుస్తుంది. అంతే.

యాంకర్: బాగా చెప్పారు. మీరు అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో ఇరవై ఏళ్లుగా ఫోన్ల షాపు నడుపుతున్నారు. మీరేమంటారు?

దుకాణదారు: సార్ చెప్పింది నిజమేనండీ, ఆ బటన్లు బాగుండేవి. కానీ కౌంటర్ మీద బాగుండటం వేరు, బిల్లు కావడం వేరు. 2017లో బ్లాక్‌బెర్రీ కీవన్ వచ్చింది కదా. బటన్లూ ఉన్నాయి, ఆండ్రాయిడూ ఉంది. ఇక్కడే ఇండియాలో తయారు చేశారు, ధర 39,990. వచ్చినవాళ్లు పట్టుకున్నారు, నొక్కారు, ‘అబ్బ, భలే ఉంది’ అన్నారు. పక్కనున్న టచ్ ఫోన్ కొనుక్కుని పోయారు.

మాజీ మేనేజర్: అది ధర తప్పు! ఫోన్ తప్పు కాదు.

దుకాణదారు: మరి ఇప్పుడు వచ్చేదెంతండీ? 499 డాలర్లంటే దాదాపు 45 వేలు.

మాజీ మేనేజర్: ఇది వేరు. ఇందులో హెడ్‌ఫోన్ రంధ్రం ఉంది, మెమరీ కార్డు పెట్టుకోవచ్చు. ఈ రెండూ ఎందుకు పీకేశారో మనకి ఎవరైనా చెప్పారా? అసలు కంపెనీలు మనల్ని అడిగి ఏదైనా చేశాయా?

యాంకర్: ఇది చాలా ముఖ్యమైన పాయింట్. అమ్మా, నువ్వు బీటెక్ మూడో ఏడాది. ఇలాంటి ఫోన్ నీ చేతికిస్తే రీల్స్ చూడటం తగ్గుతుందా?

విద్యార్థిని: సార్, రీల్స్ చూడటానికి కీబోర్డుతో పనేముంది? వేలితో తోస్తే చాలు కదా. స్క్రీన్ చిన్నదైతే చిన్నగా కనిపిస్తాయి. అంతే తేడా.

యాంకర్: చిన్నగా కనిపిస్తే విసుగు పుట్టి మానేస్తారు కదా.

విద్యార్థిని: విసుగు పుడితే ఇంకో ఫోన్ తీస్తాం సార్. ఆ కంపెనీవాళ్లే దీన్ని రెండో ఫోన్‌గా పెట్టుకోమంటున్నారు. నేను చెప్పాలనుకున్నది టైపింగ్ స్పీడ్ గురించి. 2019లో ఆల్టో, కేంబ్రిడ్జ్, జ్యూరిక్ ఈటీహెచ్ యూనివర్సిటీల పరిశోధకులు 37 వేల మంది ఫోన్ మీద ఎలా టైప్ చేస్తారో చూశారు. రెండు బొటనవేళ్లతో టచ్ మీద కొట్టేవాళ్లకి సగటున నిమిషానికి 38 మాటలు. ఒకరైతే 85 దాకా...

మాజీ మేనేజర్: ఆ లెక్క నాకూ తెలుసమ్మా. అంతకుముందు ఏడాది అదే ఆల్టోవాళ్లు 1,68,000 మందితో మామూలు కీబోర్డు లెక్క తీశారు. సగటు 52. మరి 52 ఎక్కువా, 38 ఎక్కువా? నువ్వే చెప్పు.

విద్యార్థిని: సార్, ఆ 52 కంప్యూటర్ కీబోర్డుది. పది వేళ్లతో కొట్టేది. ఫోన్ మీదుండే బుల్లి బటన్లకీ దానికీ...

మాజీ మేనేజర్: బటన్ బటనే! చిన్నదైనా పెద్దదైనా నొక్కితే నొక్కినట్టు తెలుస్తుంది. 52 ఎక్కువా కాదా?

యాంకర్: 52 ఎక్కువే. లెక్క లెక్కే.

(ఇక్కడ విద్యార్థిని ఇంకో వాక్యం అన్నది. రికార్డింగులో వినపడటం లేదు, పైన సార్ నవ్వు ఉంది.)

యాంకర్: మేడమ్, మీరు పాతికేళ్లుగా తెలుగు డీటీపీ, అంటే కంప్యూటర్ మీద అచ్చు పేజీలు కూర్చే పని, చేస్తున్నారు. పేజ్‌మేకర్, అను ఫాంట్స్ కాలం నుంచి. మీ అభిప్రాయం?

డీటీపీ నిపుణురాలు: నాది ఒక్కటే ప్రశ్నండీ. ఆ బటన్ల మీద ఏ అక్షరాలు అచ్చేస్తారు?

మాజీ మేనేజర్: క్వెర్టీనే, మామూలు ఇంగ్లీషు అక్షరాల వరస. ఎక్కడైనా అదే కదా.

డీటీపీ నిపుణురాలు: అదేనండీ నేను అడిగేది. మనం తెలుగులో...

మాజీ మేనేజర్: క్వెర్టీ అంటే గుర్తొచ్చింది, నేను టైపు హయ్యర్ పాసయ్యాను. అప్పట్లో ఇన్‌స్టిట్యూట్‌లో మిషన్ మీద గుడ్డ కప్పి కొట్టించేవారు మాస్టారు.

యాంకర్: అవునా సార్! నేనూ లోయర్ దాకా వెళ్లాను. వేసవి సెలవులొస్తే ఊళ్లో పిల్లలంతా అక్కడే. ఆ చప్పుడు వీధి చివరికి వినపడేది.

మాజీ మేనేజర్: రిబ్బన్ సిరా వేళ్లకంటితే రెండ్రోజులు పోయేది కాదు.

దుకాణదారు: మా అన్నయ్య ఆ టైపు సర్టిఫికెట్ మీదే ఉద్యోగం తెచ్చుకున్నాడు.

(ఇలా టైపు మిషన్ల మీద నాలుగు నిమిషాలు పోయింది. బాగున్న కబుర్లే, కానీ ఫోన్ ఊసు లేదు. అందుకని తీసేశాను.)

యాంకర్: మళ్లీ విషయానికి వద్దాం. ఇంత గొప్ప కీబోర్డు ఉండి బ్లాక్‌బెర్రీ ఎందుకు మూతపడింది సార్?

మాజీ మేనేజర్: మూతపడలేదండీ, అందరూ చేసే తప్పు ఇదే. సొంతంగా ఫోన్లు తయారు చేయడం మానేస్తామని 2016లో ప్రకటించింది. కంపెనీ బతికే ఉంది, కార్లలో వాడే సాఫ్ట్‌వేర్ అమ్ముకుంటోంది. 2012లో ఎనిమిది కోట్ల మంది చేతుల్లో ఉన్న ఫోనండీ అది! పోయింది బటన్ల వల్ల కాదు. బటన్లు వదిలేయబోవడం వల్ల! 2008లో స్టార్మ్ అని ఒకటి తెచ్చారు. బటన్లు లేవు, స్క్రీన్ మొత్తం కిందికి నొక్కుకుపోతుంది. ఐఫోన్‌ను చూసి వాత పెట్టుకోవడం అది. సొంత విద్య వదిలి పక్కింటి విద్య పట్టుకుంటే ఏమవుతుంది?

దుకాణదారు: సార్, ఒక్క మాట. తర్వాత బటన్లతో తెచ్చినవి కూడా పోయాయి కదా. 2014లో పాస్‌పోర్ట్, 2015లో కీబోర్డు జరిపే స్లైడు ఫోన్ ప్రివ్, 2018లో కీటూ. తర్వాత బ్లాక్‌బెర్రీ పేరుతో ఫోన్లు చేసిన టీసీఎల్ 2020లో చేతులెత్తేసింది. ఆన్‌వర్డ్ మొబిలిటీ అని ఇంకొకరు 5జీతో తెస్తామన్నారు, 2022లో వాళ్లూ దుకాణం సర్దేశారు. ఇందరు...

మాజీ మేనేజర్: ఇందరు ప్రయత్నించారంటే అడిగేవాళ్లున్నారనే కదా అర్థం!

యాంకర్: అవును, డిమాండ్ లేకపోతే ఎవరు ముందుకొస్తారు?

దుకాణదారు: డిమాండ్ ఉంటే ఎందుకు వెనక్కిపోతారండీ?

మాజీ మేనేజర్: మీరు రిపేరు వైపు నుంచి చూస్తున్నారు. నేను వాడేవాడి వైపు నుంచి చెబుతున్నాను.

దుకాణదారు: రిపేరు మాటొచ్చింది కాబట్టి చెబుతాను. స్లైడు ఫోన్లలో లోపల స్ట్రిప్ ఉంటుంది. జరిపీ జరిపీ అది తెగేది. వానాకాలంలో బటన్ల కింద తడి చేరితే ఒక అక్షరం పడదు, ఇంకోటి రెండుసార్లు పడుతుంది. అయినా ఇప్పుడు జనం ఫోన్‌లో రాసేదెక్కడండీ? స్కాన్ చేస్తారు, చూస్తారు, వాయిస్ పంపుతారు. కూరగాయల బండి దగ్గర డబ్బు కట్టడానికి కీబోర్డు దేనికి? అంకెలు చాలు. బటన్ల ఫోన్ ఒకాయన మాత్రం గట్టిగా అడుగుతాడు. చూపు లేదాయనకి. ఐదు మీద ఉండే చుక్క తడిమి నంబరు కొడతాడు.

యాంకర్: మంచిది. అయితే పిల్లల విషయం...

(ఆ చుక్క దగ్గర ఎవరూ ఆగలేదు. నాకు మాత్రం ఆ గంటలో విన్నవాటిలో బటన్ల తరఫున గట్టి మాట అదేననిపించింది. అన్నదేమో వ్యతిరేకంగా మాట్లాడుతున్న మనిషి.)

విద్యార్థిని: సార్, నేను ఒకటి చెప్పనా? ఐఫోన్‌ను మొదట చూపించినప్పుడు, 2007లో, బటన్లు వద్దనడానికి ఆపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ చెప్పిన కారణం ఒకటుంది. అవసరం ఉన్నా లేకపోయినా ఆ బటన్లు అక్కడే కూర్చుంటాయని. సినిమా చూసేటప్పుడు కీబోర్డు నాకు అక్కర్లేదు. టచ్‌లో అయితే మాయమైపోతుంది.

మాజీ మేనేజర్: మాయమైపోతుంది సరే. కావలసినప్పుడు సగం స్క్రీన్ మింగేస్తుంది! అప్పుడు?

యాంకర్: అద్భుతం.

మాజీ మేనేజర్: పైగా తప్పు దిద్దడం ఒకటి. నేనొకటి కొడితే అదొకటి రాస్తుంది. బ్లాక్‌బెర్రీలో నేను కొట్టిందే పడేది. మన ప్రభుత్వమే భయపడింది దానికి, తెలుసా? 2010లో మెసేజ్‌లు చూసే వీలు ఇవ్వకపోతే సర్వీసు ఆపేస్తామని ఆగస్టు 31 గడువు పెట్టారు.

యాంకర్: అంటే అంత భద్రత!

విద్యార్థిని: అది సర్వర్ల సంగతి సార్. బటన్లకీ దానికీ సంబంధం లేదు.

మాజీ మేనేజర్: అన్నీ కలిస్తేనే ఫోనమ్మా.

యాంకర్: మేడమ్, మీరు చాలాసేపటి నుంచి చెయ్యి ఎత్తుతున్నారు. క్లుప్తంగా.

డీటీపీ నిపుణురాలు: క్లుప్తంగానే చెబుతాను, ఆపకండి. ప్రభుత్వం ఒప్పుకున్న తెలుగు కీబోర్డు ఇన్‌స్క్రిప్ట్. అందులో ‘కె’ నొక్కితే క, షిఫ్ట్‌తో ఖ. ‘ఎల్’ నొక్కితే త, షిఫ్ట్‌తో థ. ‘స్త్రీ’ రాయాలంటే ఆరు నొక్కులు. అది పెద్ద కష్టం కాదు, నేర్చుకుంటే వస్తుంది. కానీ మన అక్షరాలు 26 బటన్లలో పట్టవు. కంప్యూటర్ మీద ఆ పక్కనున్న గుర్తుల బటన్లు కూడా వాడుకుంటాం. చ సెమీకోలన్ మీద ఉంటుంది, ట దాని పక్క బటన్ మీద, డ బ్రాకెట్ మీద, య స్లాష్ మీద. ఫోన్ కీబోర్డులో ఆ బటన్లుండవు. అంటే టీ అని రాయలేం, చాయ్ అనీ రాయలేం.

(దుకాణదారు గట్టిగా నవ్వారు.)

దుకాణదారు: మరి నా షాపు పక్క ఇరానీ హోటల్ ఏం కావాలండీ!

డీటీపీ నిపుణురాలు: నవ్వులాట కాదండీ. టచ్ స్క్రీన్‌కి ఆ ఇబ్బంది లేదు. తెలుగు కావాలంటే తెలుగు గళ్లు గీసుకుంటుంది. ఇక్కడ అమ్మే ఫోన్లలో భారతీయ భాషలు ఉండాలని నిబంధన కూడా...

మాజీ మేనేజర్: అమ్మా, ఫోన్‌లో తెలుగు అక్షరాలు ఎవరు కొడుతున్నారు? అందరూ ఇంగ్లీషు అక్షరాల్లోనే ‘ఎలా ఉన్నారు, తిన్నారా’ అని పంపుకుంటున్నారు. దానికి క్వెర్టీ చాలు.

డీటీపీ నిపుణురాలు: ఎందుకలా పంపుతున్నారని అడగరేం? చేతికొచ్చిన మొదటి ఫోన్ల మీద తెలుగు బటన్లు లేవు కాబట్టి! ఇప్పుడు మళ్లీ అదే...

మాజీ మేనేజర్: మా మనవడికి తెలుగు చదవడమే రాదు!

యాంకర్: ఇది చాలా లోతైన సమస్య, దీని మీద వేరే కార్యక్రమం చేద్దాం. సార్, చివరిగా, ఒక్క మాటలో.

మాజీ మేనేజర్: ఒక్క మాటలోనే చెబుతాను. ఒకటి, ధర తగ్గాలి. రెండు, బ్యాటరీ. మూడోది, యువత ఒకసారి నొక్కి చూడాలి. నొక్కి చూడకుండా వద్దంటున్నారు. పుల్లట్టు తినకుండానే పులుపంటే ఎలా? నొక్కి చూసినవాడు మళ్లీ గాజు ముట్టుకోడు. నన్నే చూడండి...

విద్యార్థిని: సార్, ఇప్పుడు మీ చేతిలో ఉన్నది టచ్ ఫోనే కదా?

మాజీ మేనేజర్: ఇది మా అబ్బాయి అమెరికా నుంచి తెచ్చాడమ్మా. కాదంటే బాధపడతాడు.

యాంకర్: టైమ్ అయిపోయింది. బటన్ల ఫోన్ వస్తే జనం ఆదరిస్తారనీ, పిల్లలు రీల్స్‌కు దూరమవుతారనీ ఈ చర్చలో దాదాపు అందరూ...

విద్యార్థిని: నేను అలా అనలేదు సార్.

దుకాణదారు: నేనూ అనలేదండీ.

యాంకర్: ...ఏకాభిప్రాయానికి వచ్చారు. ధన్యవాదాలు. నమస్కారం.

(సంగీతం. మైకులు ఇంకా ఆపలేదు. సార్ బోల్డ్ ఇప్పటికీ ఇంట్లో బీరువాలో ఉందనీ, ఛార్జర్ ఒక్కటే దొరకడం లేదనీ దుకాణదారుతో చెబుతున్నారు. రేపు షాపుకి తీసుకురండి, చూద్దాం అని ఆయన అంటున్నారు.)