పంది కాదు, గడ్డి మేసే కొక్కు

అందరికీ నమస్కారం. పర్లాకిమిడిలో తెలుగు మాట్లాడాలంటే కొంచెం భయమే. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరిది, గ్రాంథికం ముక్క దొర్లితే పరువు పోతుంది. అందుకని ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడతాను.

మొన్న మా మనవడు ఫోన్ పట్టుకొచ్చాడు. "తాతా, ఈ పందికొక్కు చూడు, వేణ్నీళ్లలో కూర్చుంది!" చూస్తే కాపిబారా, దక్షిణ అమెరికాలో నీళ్ల దగ్గర బతికే జంతువు. జపాన్ జూ వీడియో. వాడన్నది మరీ తప్పేం కాదు, రెండూ ఎలుక జాతివే. మన పందికొక్కు మాటే ఇంగ్లీషులోకెళ్లి బాండికూట్ అయింది. కాపిబారాకి శాస్త్రవేత్తలు పెట్టిన గ్రీకు పేరుకీ అర్థం నీటి పందే! దాని పక్కనే బతికిన దక్షిణ అమెరికా తుపీ జనం మాత్రం 'గడ్డి తినేది' అన్నారు. నా ఓటు వాళ్లకే.

మన కొక్కు ఒకటిన్నర కిలో తూగితే గొప్ప. ఇది సుమారు 50 కిలోలు, అంటే సిమెంటు బస్తా. చెరువులో దిగిన గేదెలాగే కళ్లు, చెవులు, ముక్కు నీటిపైనే పెట్టి ఒళ్లంతా దాచుకుంటుంది. ఎందుకంటే గట్టున జాగ్వార్, అంటే చిరుతలాంటి మచ్చల పిల్లి, కాపు కాస్తుంది. ఒకటి కుక్కలా మొరిగితే చాలు, మందంతా నీళ్లలోకి దూకుతుంది. అయిదు నిమిషాల దాకా మునిగి ఉండగలదు. అయితే నీళ్లలోనూ అనకొండ, మొసళ్లు ఉంటాయి, అది వేరే టెన్షన్.

ఇక గడ్డి. రోజుకు మూడు కిలోలు లాగిస్తుంది. ఆవైతే నెమరేస్తుంది, దీనికి ఆ ఏర్పాటు లేదు. చిన్నపేగు చివర ఒక పెద్ద సంచి ఉంటుంది, అందులో సూక్ష్మజీవులు గడ్డిని పులియబెడతాయి. చిక్కేమిటంటే, సారం తయారయ్యేసరికి తిండి చిన్నపేగు దాటిపోయి ఉంటుంది. అందుకని పొద్దున్నే తన మెత్తటి పెంటను మళ్లీ తింటుంది. ముక్కు మూసుకోకండమ్మా, కుందేలూ అంతే. ఇదీ నెమరేయడమే, దారే వేరు.

కొక్కు నెల తిరక్కుండా ఈనేస్తుంది. ఇది అయిదు నెలలు మోసి, నాలుగైదు పిల్లల్ని కంటుంది. అవి కళ్లు తెరుచుకునే పుడతాయి, వారానికే గడ్డి కొరుకుతాయి. మందలో ఏ తల్లి దగ్గరైనా పాలు తాగుతాయి.

వెనిజులాలో ఈస్టరు ముందు ఉపవాసాల్లో మాంసం మానేసినవాళ్లు కూడా దీన్ని తింటారు. నీళ్లలో ఉంటుంది కాబట్టి చేపల లెక్కలో వేశారట!

వెనక బెంచీ బాబు అడిగాడు, అంత సాధువు కదా, కరవదా అని. కరుస్తుంది బాబూ. గడ్డికి అరిగినకొద్దీ పెరిగే పళ్లు దానివి, కొక్కు పళ్లే.