ఉంటూనే ఇంటిని మూడు పోర్షన్లు చేశారు: బరంపురం పాత వీధిలో ఒక ఇంటి రివ్యూ

అందరికీ నమస్కారం. ఒడిశాలోని బరంపురంలో మా పెద్దమ్మగారి ఇంట్లో ఉన్నాం. పిల్లలు ఉద్యోగాలకి బయటి ఊళ్లు వెళ్లిపోయాక ఇంత ఇంట్లో పెద్దమ్మ, పెదనాన్న ఇద్దరే మిగిలారు. ఇల్లు అమ్మలేదు. ముందు భాగంలో తామే ఉంటూ, వెనక రెండు పోర్షన్లు విడదీసి అద్దెకిచ్చారు. ఇక్కడ అద్దెకి మనుషులు దొరకరన్న టెన్షన్ లేదు. ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఉంది, భంజవిహార్‌లో యూనివర్సిటీ ఉంది, 2016లో ఐసర్ అనే కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ కూడా వచ్చింది.

మన పాత వీధుల్లో ఇళ్లు ఎలా ఉంటాయో తెలుసు కదా. వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ, రెండు పక్కలా పక్కింటి గోడలే. వీధి గది, నడిమి గది, పైకప్పు లేని వాకిలి, వంటిల్లు, పెరడు, రైలు పెట్టెల్లా వరసగా ఉంటాయి. చివరి గదికి వెళ్లాలంటే మిగతా గదులన్నీ దాటాలి. ఇలాంటి ఇంటిని అద్దెకివ్వాలంటే గోడల కన్నా ముందు దారి సంగతి తేల్చుకోవాలి. అద్దెకున్న అమ్మాయి నైట్ డ్యూటీ నుంచి వచ్చి మన హాల్లోంచి నడిచి వెళ్లాల్సి వస్తే ఆ అమ్మాయికీ ఇబ్బందే, మనకీ ఇబ్బందే.

వీళ్లు ఏం చేశారో ఇటు చూడండి. పెరటి సందు వైపు గేటు పెట్టి, అక్కడి నుంచి ఒక గోడ వెంట మూడడుగుల నడవా వదిలారు. రెండు పోర్షన్ల తలుపులూ ఈ నడవాలోకే. వీధి గుమ్మం ఇంటివాళ్లకే. వెనక గది మూడడుగులు తగ్గిపోతుందని పెదనాన్న మొదట ఒప్పుకోలేదట. నన్నడిగితే ఇంటి మొత్తంలో బాగా పెట్టిన జాగా ఇదే. నడిమి వాకిలికి స్లాబు వేసి ఇంకో గది తీద్దామని మేస్త్రీ అన్నాడట, పెద్దమ్మ ససేమిరా అన్నారు. మధ్య పోర్షన్‌కి గాలీ వెలుతురూ ఆ వాకిలి నుంచే వస్తున్నాయి. అది మూసేసి ఉంటే పగలు కూడా లైటు వెయ్యాల్సిందే.

ఇక బాత్రూములు. ఖర్చంతా ఇక్కడే. రెండు బాత్రూముల్నీ ఒకే గోడకి అటూ ఇటూ కట్టారు కాబట్టి లెట్రిన్‌కి ఒకే నాలుగంగుళాల పైపు సరిపోయింది. ఆ పైపు వాలు 40 అడుగులకి ఒక అడుగు ఉండాలి. పాత ఇంట్లో కాలవ పెరట్లో ఉంటుంది కాబట్టి మధ్య పోర్షన్ నుంచి ఆ వాలు రావడానికి బాత్రూం నేలని ఆరంగుళాలు లేపారు. గుమ్మం దగ్గర మెట్టు వచ్చింది, పెద్దవాళ్లకి కాస్త కష్టం. టైల్స్ వెయ్యకముందే రెండు రోజులు నీళ్లు నిలబెట్టి లీకేజీ చూశారు. మీరూ ఇది తప్పకుండా చేయించండి.

నాకు నచ్చనిది ఈ తలుపు. ఇంటివాళ్ల వంటింటికీ మధ్య పోర్షన్‌కీ మధ్య ఉన్న పాత తలుపుని ప్లైవుడ్ కొట్టి మూసేశారు. అవతల మిక్సీ తిప్పితే ఇవతల వినిపిస్తోంది, మాటలూ వినిపిస్తున్నాయి. గోడ ఎంత మందంగా ఉన్నా శబ్దం బలహీనమైన చోటు నుంచే దూరుతుంది. తలుపు తీసేసి ఇటుక కట్టి, రెండు వైపులా ప్లాస్టరింగ్ చేయిస్తేనే అది గోడ. వేరే కాపురాలు వింటూ బతకడం ఎవరికీ ఇష్టం ఉండదు. ఇది మార్చమని పెద్దమ్మకి గట్టిగానే చెప్పాను.

కరెంటుకి పోర్షన్‌కొక సబ్‌మీటరు ఉంది. లెక్క తేలుతుంది గానీ అసలు మీటరు ఒక్కటే కాబట్టి అందరి యూనిట్లూ కలిసి ఎక్కువ రేటుండే పై శ్లాబులోకి పోతాయి. యూనిట్‌కి ఎంత తీసుకుంటారో అగ్రిమెంటులోనే రాసుకోండి. ఇన్‌స్టంట్ గీజర్ ఒక్కోటి 3 కిలోవాట్లు లాగుతుంది. పొద్దున్నే మూడూ ఒకేసారి వేస్తే 9 కిలోవాట్లు. ముందే లోడ్ పెంచుకోవాలి, పోర్షన్‌కొక 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్, పెట్టించాలి. తడి చేతులతో స్విచ్ ముట్టుకునే చోట డబ్బు మిగుల్చుకోకండి.

అగ్రిమెంటు 11 నెలలకి రాసుకున్నారు, ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పోలీస్ స్టేషన్‌లో అద్దెదారుల వివరాలు కూడా ఇచ్చారు. ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో ఇంటి పన్ను పోగా మిగిలిన అద్దెలో 30 శాతం మినహాయింపు వస్తుంది.

ఇప్పుడు మేడ మీద రేకులు వేసి ఇంకో గది తీద్దామని పెదనాన్న ఆలోచన. చవగ్గా అయిపోతుంది, నిజమే. కానీ 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను తీరం దాటింది మన గోపాల్‌పూర్ దగ్గరే. 2018లో తిత్లీ వచ్చింది. ఆ గాలికి రేకుల కింద మన పిల్లల్ని పడుకోబెడతామా? మరి అద్దె తీసుకుని ఇంకొకరి పిల్లల్ని ఎలా పడుకోబెడతాం? స్లాబుకి సరిపడా డబ్బు కూడేదాకా ఆగుదామని పెద్దమ్మ అంటున్నారు. నాదీ ఆవిడ మాటే.