ఆరో అధికరణంతో ఒక్కడి పేచీ

నమస్తే. ముందు ఒక చట్టం ముక్క చెప్తాను, ఆ తర్వాత మనిషి దగ్గరికి వెళ్దాం.

ఇండోనేషియా 1945లో హడావుడిగా రాసుకున్న రాజ్యాంగంలో ఉన్నవి 37 అధికరణాలే. అందులో ఆరోది అప్పట్లో ఏమనేదంటే, దేశాధ్యక్షుడు అయ్యేవాడు మూలవాసి ఇండోనేషియన్ అయి ఉండాలి. పౌరుడైతే చాలదన్నమాట. మన రాజ్యాంగంలో 58వ అధికరణం తీసి చూడండి. భారత పౌరుడై ఉండాలి, 35 ఏళ్లు నిండాలి, లోక్‌సభకు పోటీ చేసే అర్హత ఉండాలి, అంతే. మూలాల ఊసే లేదు. అక్కడ మాత్రం తరాల తరబడి ఉంటూ, ఇంట్లో మలయ్ భాషో జావా భాషో మాట్లాడుకునే చైనా సంతతి వాళ్లకి ఆ తలుపు రాతపూర్వకంగానే మూసేశారు.

చైనా సంతతికే చెందిన ఒక లాయరు, తర్వాత కొత్త రాజ్యాంగం రాయడానికి కూర్చున్న పరిషత్తులో లేచి నిలబడి ఇది తప్పన్నాడు. పేరు యాప్ థియామ్ హియెన్. ఇవాళ ఆయన కథ.

పుట్టింది 1913లో, సుమత్రా ద్వీపం కొసన కుతరాజాలో. ఇప్పుడు దాన్ని బందా ఆచే అంటున్నారు, సునామీ వచ్చినప్పుడు మనమంతా పేరు విన్న ఊరే. వాళ్ల కుటుంబ పెద్దలు డచ్చివాళ్ల కింద ‘చైనీయుల లెఫ్టినెంట్’ పదవి చేశారు. మిలిటరీతో సంబంధం లేదు దానికి, తమ వాళ్ల పంచాయితీలు తీర్చి ప్రభుత్వానికి జవాబు చెప్పే ఉద్యోగం. ఈయనకు ఊహ తెలిసేసరికి ఆ వైభవం కరిగిపోయింది. చిన్నప్పుడే తల్లి పోయింది. తాతగారితో ఉండే ఒక జపాన్ ఆవిడ పెంచింది. డచ్చి బళ్లో చదువు, క్రైస్తవ మతం, కొన్నాళ్లు పంతులు ఉద్యోగం, యుద్ధం అయ్యాక హాలండ్ వెళ్లి లైడెన్‌లో లా డిగ్రీ. చైనా సంతతి, ఆచే పుట్టుక, జపాన్ పెంపకం, డచ్చి చదువు. ఈ మనిషిని పట్టుకుని నీ మూలం ఏదయ్యా అంటే ఏం చెప్తాడు?

1954లో బాపెర్కి అనే సంస్థ పుట్టింది. చైనా సంతతి వాళ్ల పౌరసత్వ హక్కుల కోసం పెట్టారు, ఎన్నికల్లో కూడా దిగింది. అధ్యక్షుడు సియావ్ గియోక్ చాన్, పక్కా వామపక్షవాది, దేశాధ్యక్షుడు సుకర్ణోకి దగ్గరివాడు. ఉపాధ్యక్షుల్లో ఒకరు మన యాప్. ఈయనకి కమ్యూనిస్టులంటే సరిపడదు. ఒకే బండికి ఈ ఇద్దర్నీ కట్టారు. కొన్నేళ్లు లాగారు కూడా.

1955లో ఎన్నికలు జరిగాయి. కొత్త రాజ్యాంగం రాయడానికి ఏర్పడిన పరిషత్తులో మైనారిటీల తరఫు సభ్యుడిగా యాప్‌కి చోటు దొరికింది. సమావేశాలు బాండుంగ్‌లో. 1955లో ఆసియా ఆఫ్రికా సదస్సుకి నెహ్రూ వచ్చింది కూడా ఆ సమావేశాలు జరిగిన భవనానికే. ఏళ్లు గడిచాయి గానీ రాజ్యాంగం పూర్తి కాలేదు. రాజ్యానికి పునాది ఇస్లామా, పంచశీలా (సుకర్ణో చెప్పిన ఐదు సూత్రాలు, నెహ్రూ పంచశీల కాదు) అన్నచోటే ఆగిపోయారు. సుకర్ణోకి ఓపిక అయిపోయింది. 1959 ఏప్రిల్‌లో వచ్చి, ఈ రాతకోతలు వద్దు, ఆ 1945 నాటి రాజ్యాంగానికే వెనక్కి పోదాం అన్నాడు. అందులో అధ్యక్షుడి చేతిలో బోలెడు అధికారం ఉంటుంది మరి.

బాపెర్కి సరే అంది. సియావ్ లెక్క సియావ్‌కి ఉంది. దాన్ని తేలిగ్గా తీసిపారేయకండి. నూటికి ఇద్దరు ముగ్గురు ఉండే జనం. చేతిలో దుకాణాలున్నాయని ఊరంతా కన్నేసిన జనం. పెద్దాయన అండ లేకపోతే ఎట్లా? సుకర్ణో బలంగా ఉన్నంతకాలం మన మీద చెయ్యి పడదు, ఆయన తెస్తానంటున్న సోషలిజం వస్తే ఈ జాతి గొడవలే ఉండవు. ఇదీ సియావ్ వాదన. అప్పట్లో నేను అక్కడ ఉంటే నాకూ ఇదే తెలివైన దారి అనిపించేదేమో.

మే నెలలో యాప్ లేచి తన సంస్థకే అడ్డంగా మాట్లాడాడు. ఆరో అధికరణం పౌరుల్ని రెండు తరగతులు చేస్తోంది అన్నాడు. అక్కడితో ఆగి ఉంటే, తన వాళ్ల కోసం తను మాట్లాడుకున్నాడు అనుకునేవారు. ఆయన ఆగలేదు. ఈ రాజ్యాంగం ఒక్క మనిషి చేతిలో ఇంత అధికారం పోస్తోంది, పౌరుడి హక్కులకి రక్షణ చాలదు, ఇది నియంతృత్వానికి దారి తీస్తుంది అన్నాడు. నా దృష్టిలో ఆయన రాజకీయ జీవితంలో ముఖ్యమైన ఘట్టం ఇదే. మైనారిటీ సభ్యుణ్ణి ఎక్కడైనా దేనికి పిలుస్తారు? మీ వాళ్ల సమస్యలు నాలుగు చెప్పి కూర్చోండి అని. ఈయన ఆ హద్దు దాటి, ఇది మొత్తం దేశం రాజ్యాంగం, దీని మీద నాకూ అంతే హక్కుంది అన్నట్టు మాట్లాడాడు.

ఫలితం? మే 30న ఓటింగు పెడితే వెనక్కి పోదామన్న వాళ్లు 269, వద్దన్న వాళ్లు 199. మెజారిటీ ఉంది, కావలసిన మూడింట రెండొంతులు లేదు. మళ్లీ రెండుసార్లు ఓటింగు పెట్టారు, అయినా రాలేదు. అడ్డుపడ్డ ఓట్లలో ఎక్కువ భాగం ఇస్లామిక్ పార్టీలవి, వాళ్ల కారణాలు వేరు. యాప్ ప్రసంగం వల్లే ఆగిందని చెప్తే అబద్ధం అవుతుంది. ఏదైతేనేం, జులై 5న సుకర్ణో ఒక డిక్రీతో పరిషత్తుని రద్దు చేసి పాత రాజ్యాంగాన్ని తెచ్చేశాడు. యాప్ చట్టసభ జీవితం అక్కడితో సరి. మళ్లీ ఏ పదవీ చేయలేదు.

అదే ఏడాది ఇంకో దెబ్బ. పల్లెటూళ్లలో విదేశీయులు చిల్లర వ్యాపారం చేయకూడదని నిబంధన తెచ్చారు. పేరుకి విదేశీయులు, నొక్కింది చైనీయుల్ని. 1960లో లక్షమందికి పైగా ఓడలెక్కి చైనా వెళ్లిపోయారు. పెద్దాయన అండ ఏపాటిదో అప్పుడే కొంత తెలిసింది.

1960 చివర్లో సెమరాంగ్ మహాసభలో యాప్ నేరుగా సియావ్‌తో తలపడ్డాడు. సంస్థని ఒక రాజకీయ శిబిరానికి తాకట్టు పెట్టొద్దన్నది ఈయన వాదన. చిత్తుగా ఓడాడు. అవతల ఇంకో వర్గం, పేర్లు మార్చుకుందాం, పెళ్లిళ్లు కలుపుకుందాం, కలిసిపోదాం అనేది. వాళ్లతోనూ పడలేదు. సోషలిజం వస్తే అన్నీ సర్దుకుంటాయన్నా, పేరు మారిస్తే సర్దుకుంటాయన్నా ఆయనకి ఒకటే భ్రమ. మనిషికి చట్టం ముందు సమాన హక్కుండాలి, అంతకన్నా తక్కువకి బేరం లేదు అనేవాడు. నిజం చెప్పాలంటే రాజకీయ నాయకుడిగా ఇది ఘోరమైన పద్ధతి. ముఠా కట్టలేడు, లౌక్యం లేదు, ఎవరితోనూ ఎక్కువకాలం పొసగదు.

1965 అక్టోబరు తర్వాత అంతా తలకిందులైంది. సైన్యం కమ్యూనిస్టుల వేట మొదలుపెట్టింది, లక్షల్లో జనం చనిపోయారు. బాపెర్కిని నిషేధించారు, సియావ్ ఏళ్ల తరబడి జైల్లో ఉన్నాడు. సుకర్ణో కూలిపోయాడు, సైనిక జనరల్ సుహార్తో అధికారంలోకి వచ్చాడు.

ఇప్పుడు చూడండి. సుకర్ణో విదేశాంగ మంత్రి సుబాంద్రియోని 1966లో ప్రత్యేక సైనిక కోర్టులో నిలబెట్టారు. దేశమంతా ఉరి ఉరి అని అరుస్తున్న రోజులు. ఆయన తరఫున వాదించడానికి నిలబడింది యాప్. ఏ పాలనని ఎదిరించి రాజకీయాల్లోంచి బయటపడ్డాడో, ఆ పాలనలోని పెద్ద మంత్రికి వకాల్తా! పైగా కమ్యూనిస్టు వ్యతిరేకి, చైనా సంతతివాడు. ఆ రోజుల్లో ఒక్క ఆరోపణ చాలు మనిషి మాయమవ్వడానికి. అయినా మొక్కుబడిగా వాదించలేదు, అసలు ఈ కోర్టుకి ఈ కేసు విచారించే అధికారం ఎక్కడిదని తగులుకున్నాడు. మరణశిక్ష పడింది. తర్వాత యావజ్జీవానికి తగ్గించారు, సుబాంద్రియో 1995లో బయటికి వచ్చాడు.

యాప్ మాటగా అక్కడి లాయర్లు ఇప్పటికీ చెప్పుకునేది ఒకటుంది. కేసు గెలవాలంటే నన్ను పెట్టుకోకండి, ఓడిపోతాం, మీ నిజం కోర్టులో వినిపిస్తే చాలనుకుంటే రండి, అని ఆ మాట సారాంశం. ఇలాంటి లాయరుని ఎవరు పెట్టుకుంటారండీ? వచ్చారు మరి, కమ్యూనిస్టులని ముద్రపడ్డ ఖైదీల దగ్గర్నుంచి.

కొత్త ప్రభుత్వం చైనా పేర్లు వదిలి ఇండోనేషియా పేర్లు పెట్టుకొమ్మంది. లక్షల మంది మార్చుకున్నారు. ఆయన మార్చుకోలేదు. క్లయింటు దగ్గర డబ్బు గుంజాలని చూశారంటూ అధికారుల పేర్లు బయటపెట్టాడు, దాంతో తిరిగి ఆయన మీదే కేసు పెట్టారు. కింది కోర్టు శిక్ష వేసింది, చివరికి సుప్రీంకోర్టులో బయటపడ్డాడు. 1970లో అద్నాన్ బుయుంగ్ నాసుతియోన్ లాంటి వాళ్లతో కలిసి జకార్తాలో పేదలకి న్యాయ సహాయ సంస్థ పెట్టాడు. 1974 జనవరిలో జపాన్ ప్రధాని వచ్చినప్పుడు అల్లర్లు జరిగితే, యాప్‌ని విచారణ లేకుండా నెలల తరబడి లోపలేశారు. అప్పటికి అరవై దాటాయి. 1989లో ఒక సమావేశానికి బ్రసెల్స్ వెళ్లి అక్కడే చనిపోయాడు. 1992 నుంచి ఆయన పేరు మీద మానవ హక్కుల అవార్డు ఇస్తున్నారు. హత్యకి గురైన ఫ్యాక్టరీ కార్మికురాలు మార్సినాకి 1993లో ఇచ్చారు, మానవ హక్కుల లాయరు మునీర్‌కి 1998లో.

మరి ఆరో అధికరణం ఏమైంది? సుహార్తో 1998లో దిగిపోయాక రాజ్యాంగాన్ని సవరించడం మొదలుపెట్టారు. 2001లో ఆ మూలవాసి మాట తీసేసి, పుట్టుకతో పౌరుడై ఉంటే చాలన్నారు. బాండుంగ్ ప్రసంగానికి 42 ఏళ్ల తర్వాత. దీన్ని యాప్ విజయం అని కొందరు రాస్తారు, నేను ఒప్పుకోను. 1998 మేలో చైనా సంతతి ఇళ్లు, దుకాణాలు తగలబడ్డాక, దేశం సిగ్గుపడ్డాక వచ్చిన మార్పు అది. పైగా 2017లో జకార్తా గవర్నర్ ఆహోక్, ఆయనా చైనా సంతతే, ఎన్నికల్లో ఓడి, ఆ వెంటనే మతదూషణ కేసులో జైలుకెళ్లాడు. రాజ్యాంగంలో అడ్డు పోయింది, వీధిలో పోలేదు.

సియావ్ వైపు వాదన ఈ వీడియోలో కాస్త పొట్టిగా అయింది, తెలుసు. ఆయనకి విడిగా ఒక వీడియో చేస్తాను. ఈలోగా మీరు చెప్పండి, 1959లో ఆ పరిషత్తులో మీరుంటే సియావ్ వెనక కూర్చునేవారా, యాప్ పక్కనా? కామెంట్లలో కారణంతో సహా రాయండి.