పాత బాణీ, కొత్త యుద్ధం: ఐర్లండ్ తిరుగుబాటు పాటలు

అందరికీ నమస్కారం.

1798లో ఐర్లండ్‌లో బ్రిటిష్ పాలన మీద తిరగబడినవాళ్లలో ఎక్కువమంది పల్లెటూరి జనం. చేతిలో పొడుగాటి కర్రకు బిగించిన ఈటె, కోటు జేబులో బార్లీ గింజలు. పొయ్యి పెట్టుకుని వండుకునే తీరిక ఎక్కడిది? నడుస్తూ నడుస్తూ నోట్లో పోసుకోవడమే. చచ్చిపోయినవాళ్లను పెద్ద గుంటలు తవ్వి గుట్టగా పూడ్చేశారు. తర్వాత ఆ గుంటల మీద బార్లీ మొలిచిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు.

రాబర్ట్ డ్వయర్ జాయిస్ రాసిన ‘ద విండ్ దట్ షేక్స్ ద బార్లీ’ ఆ గింజల జ్ఞాపకం మీద నిలబడ్డ పాట. ప్రేమించిన పిల్లను వదల్లేక, తిరుగుబాటుకు వెళ్లకుండా ఉండలేక ఒక కుర్రవాడు గింజుకుంటుంటాడు. అంతలో శత్రువు తుపాకీ గుండు వచ్చి ఆ పిల్లకు తగులుతుంది. ఇక తేల్చుకోవడానికి ఏమీ మిగల్లేదు. వింటుంటే పక్కనుండి చూసినవాడు రాసినట్టే ఉంటుంది. కానీ జాయిస్ పుట్టేనాటికే ఆ తిరుగుబాటు అణగిపోయి ఏళ్లు గడిచాయి.

ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఈ తేడా గురించే. ఐరిష్ తిరుగుబాటు పాట వినగానే అది ఏ యుద్ధం గురించి అని అడుగుతాం. ఎప్పుడు రాశారు అని కూడా అడగాలి. 1798 మీద జాన్ కెల్స్ ఇంగ్రమ్ ‘ద మెమరీ ఆఫ్ ద డెడ్’ రాసింది 1843లో. ‘ద క్రాపీ బాయ్’ వచ్చింది 1845లో. ‘ద రైజింగ్ ఆఫ్ ద మూన్’ రాసిన జాన్ కీగన్ కేసీ, బ్రిటిష్ పాలనను దించాలన్న 1860ల ఫీనియన్ ఉద్యమం మనిషి. అందరికంటే ప్రసిద్ధమైన ‘బూలవోగ్’ను పి.జె. మెక్‌కాల్ సరిగ్గా నూరేళ్ల పండుగకు, 1898లో రాశాడు. జరిగినదాన్ని గుర్తుపెట్టుకోవడానికి రాశారంటే సగమే నిజం. జరగబోయేదానికి మనుషుల్ని పిలవడానికి కూడా రాశారు.

‘క్రాపీ’ అనే మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. ఇది మన మంగలిషాపు క్రాపే! ఫ్రెంచి విప్లవం అభిమానులు జుట్టు పొట్టిగా కత్తిరించుకునేవాళ్లు. అలాంటి తల కనబడితే తిరుగుబాటుదారు కిందే లెక్క.

‘ద క్రాపీ బాయ్’లో కుర్రవాడు యుద్ధానికి వెళ్లబోతూ పాదిరి ఇంటికి వెళ్లి, ఆయన ముందు మోకరిల్లి పాపాలు చెప్పుకుంటాడు. తండ్రి పోయాడు, అన్నదమ్ములు పోయారు, వంశంలో మిగిలింది తనొక్కడే. పాపాల చిట్టా చూడండి: ఒకసారి తొందరలో శ్మశానం పక్కనుంచి వెళ్తూ చనిపోయిన అమ్మ కోసం ప్రార్థన చెయ్యడం మరిచిపోయాడట. ఎవరి మీదా పగ లేదు, కానీ రాజుకంటే దేశమే ఎక్కువ అంటాడు. ఎదుటి నుంచి జవాబు లేదు, అంగీ కదిలిన చప్పుడు మాత్రం వినిపిస్తుంది. తలెత్తి చూస్తే పాదిరి వేషంలో సైనికాధికారి! ఉరి. ఈ పాట రాసినాయన కారల్ మలోన్ అనే మారుపేరుతో అచ్చేశాడు. ఉపన్యాసం ఒక్క ముక్క కూడా లేదు. అమ్మకోసం మరిచిన ఆ ప్రార్థన ఒక్కటి చాలు, వినేవాడు ఎవరి పక్షమో తేలిపోతుంది.

అచ్చయింది ‘ద నేషన్’ అనే పత్రికలో. 1842లో థామస్ డేవిస్, చార్లెస్ గావన్ డఫీ, జాన్ బ్లేక్ డిల్లన్ పెట్టిన వారపత్రిక. ఇందాక చెప్పిన ఇంగ్రమ్ పాట కూడా అందులోనే వచ్చింది. పాటలు ఇలా వచ్చేటప్పుడు పాట పైన ఫలానా బాణీ అని వేసేవాళ్లు. సంతల్లో అమ్మే ఒంటికాగితం పాటలదీ అదే పద్ధతి. స్వరాలు చదవడం ఎవరికీ రానక్కర్లేదు, తెలిసిన వరసలో కొత్త మాటలు పోసుకుంటే సాయంత్రానికి ఊరంతా పాడేస్తుంది. పైగా మాటలున్న కాగితాన్ని పోలీసులు లాక్కోగలరు గానీ బాణీని ఏం చేస్తారు? అయినా చూశారు లెండి ప్రయత్నించి. 1880ల కౌలురైతుల భూమి పోరాటం రోజుల్లో ‘హార్వే డఫ్’ అనే వరసను పోలీసులు కనబడినప్పుడల్లా జనం ఈల వేసేవాళ్లు. హార్వే డఫ్ ఒక నాటకంలోని ఇన్‌ఫార్మర్ పాత్ర. ఈల వేసినందుకు అరెస్టులు కూడా జరిగాయి.

ఇక్కడొక చేదు సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ‘బూలవోగ్’ వెక్స్‌ఫర్డ్ జిల్లాలో తిరుగుబాటును నడిపిన ఫాదర్ జాన్ మర్ఫీ గాథ. ఆయన్ను టల్లో అనే ఊళ్లో కొరడాలతో కొట్టి, ఉరితీసి, తల నరికి, శవాన్ని తగలబెట్టారు. పాట వింటే గొంతు పట్టేస్తుంది. కానీ అదే వెక్స్‌ఫర్డ్ జిల్లాలో, 1798 జూన్‌లో, స్కల్లబోగ్ అనే చోట తిరుగుబాటుదారులే ఒక కొట్టాంలో బందీలను పెట్టి నిప్పంటించారు. వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు, ఆడవాళ్లూ పిల్లలూ ఉన్నారు. ‘బూలవోగ్’లో ఆ కొట్టాం లేదు. 1920లో డబ్లిన్‌లో ఉరితీసిన 18 ఏళ్ల వైద్యవిద్యార్థి కెవిన్ బ్యారీ పాటా అంతే. సహచరుల పేర్లు చెప్పలేదు, కుక్కలా ఉరి వద్దు, సిపాయిలా కాల్చండి అన్నాడు. అదంతా ఉంది. అతను పాల్గొన్న దాడిలో చనిపోయిన ముగ్గురు బ్రిటిష్ సిపాయిల పేర్లు లేవు. పాటను తప్పుపట్టడానికి కాదు నేను ఇది చెప్పడం. పాటనే చరిత్ర పుస్తకం అనుకోకండి అని.

ఈ తిరుగుబాటు పాటలకు పక్కనే ఇంకో పాయ ఉంది, నిజం చెప్పాలంటే నాకు అదే ఎక్కువ ఇష్టం. కూటికోసం అదే బ్రిటిష్ సైన్యంలో చేరిన ఐరిష్ కుర్రాళ్ల పాటలు. ‘మిసెస్ మెక్‌గ్రాత్’లో సార్జెంటు వచ్చి తల్లితో అంటాడు, మీవాడికి ఎర్రకోటు, టోపీ వేస్తే ఎంత బాగుంటాడో అని. ఏడేళ్లు తల్లి సముద్రం ఒడ్డున కాచుకుంటుంది. ఓడ వస్తుంది. కొడుకు కర్రకాళ్లతో దిగుతాడు. అప్పుడు ఆ తల్లి అడిగే ప్రశ్న: ఒరే, తాగి ఉన్నావా, గుడ్డివాడివయ్యావా, రెండు కాళ్లూ ఎక్కడ పారేసుకున్నావురా? ఏడుపూ కాదు, నవ్వూ కాదు. ‘ఆర్థర్ మెక్‌బ్రైడ్’లోనైతే క్రిస్మస్ ఉదయం షికారుకెళ్లిన ఇద్దరు దాయాదులు, సైన్యంలో చేరమన్న సార్జెంటును కర్రలతో చితక్కొట్టి, డప్పును బంతిలా తన్ని సముద్రంలో పడేస్తారు.

ఈ రెండు పాయలూ కలిసింది ‘ద ఫాగీ డ్యూ’లో. 1915లో బ్రిటిష్ సైన్యంలోని డబ్లిన్, మన్‌స్టర్ ఐరిష్ రెజిమెంట్ల కుర్రాళ్లు టర్కీలో గలిపొలి ఒడ్డున దిగుతూనే కుప్పకూలారు. ఇంచుమించు ఏడాదికి, 1916 ఏప్రిల్ 24న, డబ్లిన్‌లో ఈస్టర్ తిరుగుబాటు మొదలైంది. ఆరు రోజుల్లో అణచేశారు. మే నెలలో నాయకుల్ని వరసగా కాల్చేశారు. గాయాలతో నిలబడలేని జేమ్స్ కానలీని కుర్చీకి కట్టి మరీ. కొన్నేళ్లకు చార్లెస్ ఓనీల్ అనే పాదిరి రాసిన పాట ఇది. గలిపొలి ఒడ్డున చావడం కంటే ఐరిష్ ఆకాశం కింద చావడం మేలు కదా అంటుంది.

ఆ ఈస్టర్ వారంలో డబ్లిన్‌లో మన తెలుగువాడు ఒకాయన ఉన్నాడు. బరంపురం నుంచి లా చదువుకోవడానికి వెళ్లిన వరాహగిరి వేంకటగిరి, తర్వాతి కాలపు మన రాష్ట్రపతి. ఆయన చదివిన యూనివర్సిటీ కాలేజీలోనే థామస్ మాక్‌డొనా ఇంగ్లీషు పాఠాలు చెప్పేవాడు. ఆ మాక్‌డొనా తిరుగుబాటులో జేకబ్స్ బిస్కెట్ ఫ్యాక్టరీ దళానికి నాయకుడు. మే 3న కాల్చేశారు. గిరిగారు ఆ ఏడాదే దేశం విడిచి రావాల్సి వచ్చింది. అదే బిస్కెట్ ఫ్యాక్టరీలో పీడర్ కియర్నీ అనే ఇళ్లకు రంగులేసే ఆయన కూడా పోరాడాడు. 1907లోనే ‘ద సోల్జర్స్ సాంగ్’ రాసి ఉన్నాడు. 1926లో అది ఐర్లండ్ జాతీయగీతమైంది. పాట ముందు, యుద్ధం తర్వాత!

ఇక జలంధర్. 1920 జూన్ 28న అక్కడి బ్రిటిష్ సైన్యంలోని కనాట్ రేంజర్స్ అనే ఐరిష్ రెజిమెంట్ సిపాయిలు కొందరు, స్వదేశంలో బ్రిటిష్ బలగాల దౌర్జన్యాల వార్తలు విని, ఇక డ్యూటీ చేసేది లేదన్నారు. ఐరిష్ జెండా ఎగరేసి తిరుగుబాటు పాటలు పాడారు, పంజాబు ఎండలో. నవంబర్ 2న దగ్షాయ్ జైల్లో, ఆ తిరుగుబాటు నాయకుల్లో ఒకడైన జేమ్స్ డేలీని కాల్చేశారు. కెవిన్ బ్యారీని ఉరితీసిన మర్నాడు. బ్యారీ పాట ప్రపంచమంతా తిరిగింది. డేలీ మీదా పాట ఉంది గానీ అంత పేరు రాలేదు.

అన్నట్టు, 2002లో బీబీసీ వరల్డ్ సర్వీస్ ప్రపంచంలో అందరికీ నచ్చిన పాటేదని శ్రోతలను ఓటు అడిగింది. మొదటిది, ‘ద నేషన్’ పెట్టిన థామస్ డేవిస్ రాసిన ‘ఎ నేషన్ వన్స్ అగైన్’. రెండోది వందేమాతరం. ఇలాంటి ఓట్లలో అభిమానులు గుంపులుగా నొక్కేస్తారు, నాకూ తెలుసు. అయినా ఆ జంట నాకు నచ్చింది.

టైమైపోయిందని సైగ చేస్తున్నారు. ఇక రెండు పాటలు వినిపిస్తాను. ‘ఫాగీ డ్యూ’ బాణీ ఓనీల్‌ది కాదు, ‘ద మూర్లక్ షోర్’ అనే పాత ప్రేమపాటది. మనసిచ్చిన పిల్ల కాదంటే సముద్రం మీదికి వెళ్లిపోయే కుర్రవాడి పాట. ముందు అది వినండి. తర్వాత అదే వరసలో డబ్లిన్ వస్తుంది.