తెల్ల తల లేకపోయినా అది బాల్డ్ ఈగిలే: గుర్తుపట్టడం ఎలా?

నమస్కారమండీ. నేనిప్పుడు అమెరికాలోని మేరీల్యాండ్‌లో, సస్క్వెహన్నా నది మీదున్న కోనోవింగో డ్యామ్ దిగువన ఉన్నాను. నవంబర్ నెల, చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. అయినా బాల్డ్ ఈగిల్‌ని, అంటే పెద్దయ్యాక తల, తోక తెల్లగా ఉండే అమెరికా గద్దని చూడాలంటే ఇక్కడికి ఈ నెలలోనే రావాలి. డ్యామ్ టర్బైన్లలోంచి వచ్చే చేపలు దెబ్బతిని నీటిపైకి తేలతాయి. వాటి కోసం గద్దలు గుంపులుగా చేరతాయి.

ముందు ఆకాశంలోకి చూడండి. ఎడమవైపు పక్షి రెక్కలు కాస్త పైకెత్తి, అటూ ఇటూ ఊగుతోంది కదా, అది రాబందు. కుడివైపుది రెక్కలు బల్లచెక్కలా తిన్నగా చాపింది. అదీ మన ఈగిల్. రెక్కలు చాస్తే ఈ కొస నుంచి ఆ కొసకి సుమారు 2 మీటర్లు. మగదానికన్నా ఆడదే పెద్దది.

ఇప్పుడు ఆ చెట్టు మీద జూమ్ చేస్తున్నా. ఒళ్లంతా గోధుమ రంగు, నల్లటి ముక్కు, అక్కడక్కడా తెల్ల మరకలు. తెల్ల తల లేదని చాలామంది దీన్ని వదిలేస్తారు. ఇదీ బాల్డ్ ఈగిలే, ఇంకా పిల్ల! తల, తోక పూర్తిగా తెల్లబడడానికి ఐదేళ్లు పడుతుంది.

నాకైతే పెద్దవాటికన్నా ఈ పిల్లల్ని చూస్తేనే ప్రాణం లేచొస్తుంది. ఒకప్పుడు డీడీటీ అనే పురుగుల మందు చేపల ద్వారా వీటి ఒంట్లోకి చేరి, గుడ్ల పెంకులు పలచబడిపోయాయి. తల్లి పొదగడానికి కూర్చుంటే గుడ్లు చితికిపోయేవి. 1963లో అలాస్కా, హవాయి మినహా మిగతా అమెరికా మొత్తంలో లెక్కకు వచ్చినవి 417 జంటలే. 1972లో డీడీటీని నిషేధించారు. 2007కి ఈ పక్షి అంతరించే ప్రమాదమున్న జాబితాలోంచి బయటపడింది. అందుకే గోధుమ రంగు పిల్ల కనిపిస్తే తప్పకుండా ఆగి చూడండి.

ఫోటో తీసేవాళ్లు షటర్ స్పీడ్ 1/2000 సెకను పెట్టుకోండి. ఇది నీళ్లలోకి మునగదు, పైపైన కాళ్లతో చేపని లాక్కుపోతుంది. అప్పుడే కెమెరా దించకండి, ఎందుకంటే ఆ చేపని గుంజుకోవడానికి ఇంకో గద్ద వెంటపడుతుంది. అరుపు వినండి, సన్నగా కిచకిచమంటోంది. సినిమాల్లో వినిపించే కేక చాలాసార్లు రెడ్ టెయిల్డ్ హాక్ అనే వేరే పక్షిది.

ఒక్క జాగ్రత్త. రాలిన ఈక దొరికినా ఇంటికి తీసుకెళ్లకండి, ఇక్కడ చట్టం ఒప్పుకోదు. గూటికి కనీసం 100 మీటర్ల దూరంలో ఉండండి.

అదిగో, పిల్ల చేప పట్టింది! వెనకాలే తెల్ల తలది వస్తోంది. కెమెరా అటు తిప్పుతున్నా, చూడండి.