మేడ ముందు గుడిసెలు: ఒక చిత్రం చెప్పని కథ

[స్క్రీన్ మీద: చిత్రం మొత్తం]

నమస్తే అండీ. ఈ చిత్రం చూడగానే మీ కన్ను ఎక్కడికి పోయింది? నాలుగు మూలలా బురుజుల్లాంటి గదులున్న ఆ ఇటుక మేడ మీదికే కదా! దాని పేరు మల్బరీ. అమెరికాలోని సౌత్ కరోలినాలో, కూపర్ నది ఒడ్డున 1714 ప్రాంతంలో కట్టారు. చిత్రం గీసింది థామస్ కోరమ్, 1800 ప్రాంతంలో. పోస్టుకార్డు కన్నా కాస్త పెద్దది, అంతే.

[జూమ్: గుడిసెల వరుస]

ఇప్పుడు మేడను వదిలేసి ఇటు చూడండి. దారికి రెండు వైపులా గుడిసెలు, బాగా ఏటవాలుగా దిగిన కప్పులు. బానిసలుగా బతికిన ఆఫ్రికన్ల ఇళ్లివి. ఇలాంటి ఇళ్లను బొమ్మలో ముందుకు తెచ్చి గీసిన వాళ్లు ఆ రోజుల్లో అరుదు. కోరమ్ గీశాడు. కానీ చూడండి, ఆ గుడిసెల వరుస మన చూపును తిన్నగా మేడ దగ్గరికే తీసుకెళ్తుంది. అంతా ప్రశాంతంగా, అందంగా ఉంటుంది. నన్ను బాధపెట్టేది ఆ అందమే.

ఎందుకంటే ఇక్కడ పండింది వరి. వరి చేలో దిగితే ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ నదుల వెంట చిత్తడి అడవులు నరికింది, మైళ్ల పొడవున గట్లు పోసింది, నదికి పోటు వచ్చినప్పుడు నీళ్లు పొలంలోకి ఎక్కేలా తూములు పెట్టింది ఈ గుడిసెల్లోని మనుషుల్లాంటి వాళ్లే. బురద, దోమలు, మలేరియా. మనిషికి రోజుకు సుమారు పావు ఎకరా పని. కోతలయ్యాక రోట్లో పోసి రోకళ్లతో దంచాలి, గడ్డితో అల్లిన చేటల్లో చెరగాలి. వాళ్లలో చాలామంది పశ్చిమ ఆఫ్రికాలో తరతరాలుగా వరి పండించిన జాతుల వాళ్లు. పనితనం వాళ్లది, డబ్బు మేడది.

1739లో సౌత్ కరోలినాలోనే చార్ల్స్‌టన్ నగరం దగ్గర, స్టోనో నది ఒడ్డున బానిసలు తిరగబడ్డారు. మరుసటి ఏడే కఠినమైన చట్టం వచ్చింది. వాళ్లకు రాయడం నేర్పినా నేరమే! అందుకే ఈ గుడిసెల వైపు నుంచి రాసిన చరిత్ర మనకు ఇంత తక్కువ.

[స్క్రీన్ మీద: గడ్డి బుట్ట అల్లుతున్న చేతులు]

1865లో బానిసత్వం రద్దయింది. వాళ్ల వారసులైన గల్లా గీచీ ప్రజలు ఈ తీరంలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు సొంత భాష ఉంది. ఆ చేటలు అల్లిన పద్ధతిలోనే ఇవాళ్టికీ బుట్టలు అల్లుతారు.

చార్ల్స్‌టన్ వైపు వెళ్లే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. వెళ్తే జేమ్స్ ఐలాండ్‌లోని మెక్‌లియోడ్ ప్లాంటేషన్ చూడండి. అదీ ఒకప్పుడు బానిసలతో సాగు చేయించిన పెద్ద ఎస్టేటే. అక్కడ గైడ్లు మేడ గురించి కాదు, ముందు అక్కడి గుడిసెల్లో బతికిన వాళ్ల గురించే చెప్తారు.