బాంబు ముందు అరగంట

శ్రోతలకు నమస్కారం.

విజయనగరం అయోధ్యా మైదానంలో పొద్దున్నే నడిచే బృందం మాది. నడక ఒక గంట, కబుర్లు గంటన్నర. ఏడాదికోసారి అందరం కలిసి బస్సు మాట్లాడుకుని ఎక్కడికో ఒకచోటికి వెళ్తాం. అరసవల్లి అయింది, రామతీర్థం రెండుసార్లు అయింది. ఈసారి విశాఖ మ్యూజియం చూద్దామని నేనంటే, మాలో పెద్దాయన ఒకరు అడ్డం తిరిగారు. "దేవుడు లేని చోటికి బస్సెందుకండీ?" అన్నారు. దారిలో సింహాచలం కూడా కలుపుతాం మాస్టారూ అన్నాకగానీ ఆయన డబ్బు కట్టలేదు.

ఇరవై ఎనిమిది మందిమి. ఏడింటికి అనుకున్న బస్సు ఎనిమిదిన్నరకు కదిలింది. ఎవరి వల్ల ఆలస్యమైందో చెప్పను. వాళ్లూ ఈ ప్రసంగం వింటుంటారు.

విశాఖ మ్యూజియం బీచ్ రోడ్డులో, పాతకాలపు డచ్చి బంగళాలో ఉంది. 1991లో అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి ప్రారంభించారు. కత్తులు, నాణేలు, పట్టుబట్టలు, పింగాణీ సామాను, జమీందారుల నిలువెత్తు బొమ్మలు, పాత మ్యాపులు, ఉత్తరాలు. పేరుకు విశాఖదైనా ఉన్నది ఉత్తరాంధ్ర మొత్తం సంగతి. మనకు జిల్లా వేరుపడింది 1979లోనే కదా, అంతకుముందు మన విజయనగరం కూడా విశాఖ జిల్లాలోదే.

నిజం చెప్పాలంటే మొదటి ఇరవై నిమిషాల్లోనే సగం మంది అన్ని గదులూ చుట్టేసి, బయట నీడలో కూర్చుని చేగోడీల డబ్బా మూత తీశారు. వాళ్లను తప్పుపట్టను. వస్తువు పక్కన ఉండే చీటీలో రెండు ముక్కలుంటాయి. అవి చదివి ఎవరు ఎంతసేపు నిలబడతారు?

అందరూ ఆగింది ఒక్కచోటే. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాళ్లు విశాఖ మీద వేసిన బాంబు దగ్గర. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వచ్చి విశాఖ హార్బరు మీద బాంబులు కురిపించాయి. అదే రోజు కాకినాడ మీదా పడ్డాయి. హార్బరు మొదలై అప్పటికి పదేళ్లు కూడా నిండలేదు.

దాని ముందు నిలబడి, మాలో డెబ్బై తొమ్మిదేళ్ల అమ్మగారొకరు "మా అత్తగారు చెప్పేవారు ఈ బాంబుల సంగతి" అన్నారు. అంతే, బయటున్న వాళ్లు కూడా ఒక్కొక్కరే లోపలికి వచ్చేశారు. ఆవిడ అత్తవారిది గజపతినగరం దగ్గర పల్లె. బాంబులు పడ్డ రెండోరోజుకల్లా విశాఖ చుట్టాలు మూటాముల్లెతో దిగిపోయారట. ఉన్నవి మూడు గదులు, మనుషులు పంతొమ్మిది మంది. గిన్నెలు చాలక అరిటాకుల్లో గంజన్నం పెట్టారట. ఆ వేసవిలో ఆ ఇంట్లో రెండు కానుపులు. అందులో ఒక పిల్లాడిని పెద్దయ్యేదాకా ఇంట్లో అందరూ "బాంబుగాడు" అనే పిలిచారట.

పక్కనున్న లెక్చరర్ గారు అందుకున్నారు. ఆ ఏడాదే ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని విశాఖ నుంచి గుంటూరుకు తరలించారు. వాళ్ల పెదనాన్నగారు వాల్తేరులో చేరి, గుంటూరులో పట్టా పుచ్చుకున్నారట. ఇంట్లో ఆ పట్టా ఫోటో కట్టించి ఉంది గానీ, గుంటూరు ఎందుకు వెళ్లారో ఆయన పిల్లలకే తెలియదన్నారు. మేం అక్కడ అరగంట నిలబడ్డాం. పెద్దావిడకి కుర్చీ తెచ్చి వేసిన అక్కడి ఉద్యోగి కూడా పక్కనే నిలబడి విన్నాడు.

ఆయుధాల గది దగ్గర మాత్రం వ్యవహారం వేరే దారి పట్టింది. మా బృందంలో బొబ్బిలి ఆయన ఒకరున్నారు. కత్తులు చూడగానే ఆయనకు బొబ్బిలి యుద్ధం జరిగిన 1757 జనవరి 24 గుర్తొచ్చింది. "ఫ్రెంచి బుస్సీని వెంటేసుకుని మా కోట మీదికి వచ్చారు మీరు" అన్నారు, విజయనగరం రాజు విజయరామరాజుతో తనే కలిసి వచ్చినట్టు మా కోశాధికారి వైపు చూస్తూ. కోశాధికారి ఊరుకోలేదు. "రాత్రిపూట డేరాలో దూరి మా రాజుని పొడిచింది మీ తాండ్ర పాపారాయుడు కాదేటండీ?" అన్నారు. పాపారాయుడు రాజాం నుంచి వచ్చేసరికి బొబ్బిలి కోటలో ఎవరూ మిగల్లేదని బొబ్బిలి ఆయన గొంతు పెంచారు. చుట్టూ కాలేజీ పిల్లలు మూగారు. ఆ కత్తుల గురించి చీటీలో ఏం రాసుందో మాకెవరికీ గుర్తులేదుగానీ, ఆ పిల్లలకి మాత్రం బొబ్బిలి యుద్ధం తేదీతో సహా వచ్చేసుంటుంది.

తిరుగు ప్రయాణం భీమిలి మీదుగా పెట్టుకున్నాం. పద్మనాభం వచ్చేసరికి కోశాధికారి బస్సు ఆపించారు. 1794 జులై 10న చిన్న విజయరామరాజు ఇంగ్లీషు సైన్యంతో పోరాడి పడిపోయింది ఆ ఊళ్లోనే. మసక చీకట్లో కొండ తప్ప ఏమీ కనిపించలేదు. అందరికంటే ముందు బస్సు దిగి, చెప్పులు విడిచి దణ్ణం పెట్టింది బొబ్బిలి ఆయన.

మళ్లీ బస్సెక్కాక, వచ్చే ఏడాది బొబ్బిలి యుద్ధ స్తంభం చూడాల్సిందేనని ఆయన పట్టుబట్టారు. కోశాధికారి సరేనన్నారు, పులిహోర మాత్రం బొబ్బిలి వాళ్లదేనట. ఆ బేరం ఇంకా తెగలేదు. సింహాచలం అంటారా? పొద్దున ఆలస్యం వల్ల కుదరలేదు. మాస్టారు మాతో మూడు రోజులు మాట్లాడలేదు.

సెలవు.